దొరకని మరమేకు

గోడగడియారం ఆగిపోవడానికి ముల్లు విరగనక్కరలేదు, స్ప్రింగు తెగనక్కరలేదు. యంత్రాన్ని పెట్టెకు పట్టి ఉంచే చిన్న మరమేకు ఒకటి ఊడి ఏ సందులోనో పడిపోతే చాలును. తాతలనాటి కుట్టుమిషను, హార్మోనియం, కెమెరా, చెక్కబీరువా, కిటికీ గడియ - వీటన్నిటి ఆయుష్షు తరచుగా గోరంత లోహపు ముక్క మీద ఆధారపడి ఉంటుంది. ఆ ముక్క వెల టీ ఖరీదైనా ఉండదు. కాని బజారంతా తిరిగినా అది దొరకదు. దొరికినట్టే కనిపించినది రెండు చుట్లు తిరిగి బిగుసుకొనిపోతుంది. అక్కడ ఆగక బలవంతంగా తిప్పినవాడు వస్తువు లోపలి మరను చెరిపివేస్తాడు. మరమేకు పోతే మరొకటి చేసుకోవచ్చును గాని, వస్తువులోని మర చెరిగిన తరువాత దానిని పూర్వస్థితికి తేవడం కష్టసాధ్యం.

ఈ చిక్కు దేశమంతటా ఉన్నదే. పుదుచ్చేరి పట్టణంలో మాత్రం దీనికి అదనంగా ఒక మడత ఉన్నది. ఆ పట్టణం 1954 నవంబరు 1న భారతదేశ పాలనలోకి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. అంతకు పూర్వం శతాబ్దాల తరబడి అక్కడ ఫ్రెంచివారి పాలన. మెట్రిక్ కొలమానానికి పుట్టినిల్లు ఫ్రాన్సు. పట్టణపు సరిహద్దు దాటితే ఇంగ్లీషువారి రాజ్యం, అడుగుల అంగుళాల లెక్క. ఓడలో మార్సెయ్ నుంచి వచ్చిన వస్తువు మిల్లీమీటర్లలో బిగించినదైతే, మద్రాసు నుంచి రైలులో వచ్చినది అంగుళాలలో బిగించినది. ఒకే ఇంట్లో, ఒకే గోడకు ఈ రెండు జాతుల వస్తువులూ పక్కపక్కన ఉండగలవు. పైకి చూస్తే రెండింటి మరమేకులూ ఒక్కలాగే ఉంటాయి. మన తెలుగువారి యానాం కూడ ఆ ఫ్రెంచి పాలనలోనిదే కనుక, అక్కడి పాత ఇళ్లవారికి సైతం ఈ మాట వర్తిస్తుంది.

బజారులో దొరకని లోహసామగ్రిని స్వయంగా చేసుకొనడానికి పుదుచ్చేరిలోనే చక్కని నిదర్శనం ఒకటి ఉన్నది. విశేషమేమంటే దాని పేరులో తెలుగు నేల పేరు కలిసి ఉన్నది.

శ్రీ అరవిందాశ్రమం వారి వసతిగృహానికి గోల్కొండ్ అని పేరు. మన గోలకొండకు అది ఫ్రెంచి ఉచ్చారణ. ఆనాటి హైదరాబాదు సంస్థానపు ప్రధానమంత్రి సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం వచ్చినందువల్ల ఆ పేరు పెట్టారు. భవన రూపశిల్పి ఆంటొనిన్ రేమండ్ పుట్టుకతో చెక్ దేశీయుడు. టోక్యోలోని ఇంపీరియల్ హోటలు నిర్మాణంలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ వద్ద పనిచేసినవాడు. ఆయనకు తోడుగా జార్జి నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్ అనే ఇద్దరు యువ వాస్తుశిల్పులు పుదుచ్చేరిలో ఉండి పని నడిపించారు. 1930ల చివర ఆరంభమైన ఈ కాంక్రీటు కట్టడం పని ప్రపంచయుద్ధకాలంలోకి కొనసాగింది.

ఆ భవనానికి ఉత్తర దక్షిణ ముఖాలలో మామూలు కిటికీలు లేవు. గోడ పొడవునా పలకలు అమర్చి, గాలినీ వెలుతురునూ కావలసినంత మేర రానిచ్చేలా వాటిని తిప్పుకునే ఏర్పాటు చేశారు. గదులకు టేకు చెక్కతో చేసిన జరుపుడు తలుపులు. పలకలను తిప్పే పిడులు, ఇరుసులు, తలుపుల పట్టులు, గడియలు, వాటిని పట్టి ఉంచే మరమేకులు - ఇవేవీ ఏ దుకాణంలోనూ తయారుగా దొరికేవి కావు. దొరికే అవకాశమున్నవాటిని సైతం యుద్ధం అడ్డగించింది. అప్పుడు ఆశ్రమవాసులు ఇచ్చిన పాత ఇత్తడి పాత్రలను కరిగించి, అచ్చులలో పోసి, ఆ సామగ్రిని అక్కడే తయారు చేసుకున్నారని ఆ కట్టడపు చరిత్ర వ్రాసినవారు చెబుతారు. చెంబులు, బిందెలు తలుపు పిడులై మరొక జన్మ ఎత్తాయన్న మాట. ఆశ్రమంలో హార్పగన్ అనే కర్మశాల కూడ వెలిసింది. ఇంజనీరు ఉదార్ పింటో దానిని నడిపాడు. హార్పగన్ అంటే ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ సృష్టించిన పరమ పిసినారి. పాత ముక్కను పారవేయని చోటికి అంతకన్న తగిన పేరు దొరకడం కష్టం.

నకషిమా తరువాత అమెరికా వెళ్లి ప్రపంచ ప్రసిద్ధి పొందిన చెక్కసామాను శిల్పి అయ్యాడు. పగిలిన పలకలను మేకు లేకుండ సీతాకోకచిలుక ఆకారపు చెక్కముక్కలతో అతకడం ఆయన ముద్రగా నిలిచింది. మేకుల కరవులో పనిచేసిన అనుభవానికీ ఆ అలవాటుకూ సంబంధం అంటగట్టడం తొందరపాటే అవుతుంది గాని, తలచుకుంటే ముచ్చటగా ఉంటుంది.

గోల్కొండ్‌కు పెద్ద సంస్థ అండ ఉన్నది, కొలిమి ఉన్నది, ఇంజనీర్లు ఉన్నారు. సామాన్య గృహస్థుని ముందున్న ప్రశ్న వేరు. అతనికి కావలసినవి నాలుగంటే నాలుగు మరమేకులు. కొలిమి లేదు, ఉంటే ఒక బల్ల, ఒక వైసు, ఒక ఆకురాయి, చిన్న డ్రిల్లింగు మిషను ఉంటాయి. అతడేమి చేయగలడు?

మొదట అతడు తెలుసుకోవలసినది, మరమేకును కంటితో పోల్చరాదని. మరకు మూడు గుర్తులున్నవి. మొదటిది వెలుపలి వ్యాసం. రెండవది పిచ్చు, అంటే ఒక చుట్టు గట్టు నుంచి మరుచుట్టు గట్టుకు గల దూరం. మూడవది గట్టు వాలులో ఉండే కోణం. మూడూ కలిస్తేనే జత.

ఈ మూడింటినీ ఒక ప్రమాణం కిందికి తేవాలని మొదట తలపెట్టి సఫలుడైనవాడు ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్. 1841లో అతడు 55 డిగ్రీల కోణంతో, అంగుళానికి ఇన్ని చుట్లు అనే లెక్కతో ఒక పట్టిక ప్రతిపాదించాడు. అంతకు ముందు ఏ కార్ఖానా మర దానిదే. ఒక కార్ఖానా బోల్టుకు మరొక కార్ఖానా నట్టు పట్టేది కాదు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణాన్ని ప్రవేశపెట్టాడు. ఫ్రెంచివారు 1894లో మిల్లీమీటర్ల లెక్కతో తమ పద్ధతిని స్థిరపరచగా, దాని ఆధారంగా 1898లో జ్యూరిక్ సమావేశంలో అంతర్జాతీయ మెట్రిక్ మర రూపొందింది. గడియారాల వంటి సూక్ష్మయంత్రాల కొరకు జెనీవా పండితుడు తూరి వేసిన లెక్కను ఇంగ్లండులోని బ్రిటిష్ అసోసియేషన్ 1884లో స్వీకరించింది. దానిని బి.ఎ. మర అంటారు. కోణం నలభైఏడున్నర డిగ్రీలు. ఇంగ్లీషువారు చేసినదైనా ఇది మిల్లీమీటర్ల లెక్కలో పుట్టినదే. ఒకటి ఎక్కువ సంఖ్య గల మర ఒకటి తక్కువ పిచ్చు గలది. ప్రతి పిచ్చూ ముందుదానిలో పదింట తొమ్మిది వంతులు. సున్నా సంఖ్య మర వ్యాసం 6 మి.మీ., పిచ్చు 1 మి.మీ. రెండవ సంఖ్య 4.7 మి.మీ., పిచ్చు 0.81. నాలుగవది 3.6 మి.మీ., పిచ్చు 0.66. ఆరవది 2.8 మి.మీ., పిచ్చు 0.53. రేడియోలు, విద్యుత్ మీటర్లు, ప్రయోగశాల పరికరాలు - ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన ఇటువంటి సున్నితమైన సామానులో చాలా భాగం ఈ బి.ఎ. మరలతో బిగించినదే.

స్వాతంత్ర్యానంతరం 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో భారతదేశం మెట్రిక్ పద్ధతికి మారింది. 1960వ దశకంలో భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 4218 అనే సంఖ్యతో అంతర్జాతీయ మెట్రిక్ మరను మన ప్రమాణంగా ప్రకటించింది. కార్ఖానాలు మారాయి, దుకాణాలు మారాయి. ఇళ్లలో ఉన్న పాత వస్తువులు మాత్రం మారలేదు కదా!

ఫ్రెంచి వస్తువు మెట్రిక్ గనుక నేటి మెట్రిక్ మరమేకు దానికి పట్టుతుందని అనుకోవడం సహజం. అక్కడనే పుదుచ్చేరి గృహస్థుడు బోల్తాపడతాడు. పాత మెట్రిక్ మరలలో 4 మి.మీ. వ్యాసానికి 0.75 పిచ్చు, 5 మి.మీ. వ్యాసానికి 0.9 పిచ్చు కనిపిస్తాయి. నేడు దుకాణంలో దొరికేవి 0.7, 0.8. తేడా మిల్లీమీటరులో పదోవంతు, ఇరవయ్యో వంతు. మొదటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి. తరువాత తేడా చుట్టు చుట్టుకూ కూడుతూ పోయి బిగుసుకుంటుంది. బిగువు చూసి సరిగా పట్టిందని మురిసిపోయేవారే ఎక్కువ.

ఇందుకు విరుద్ధంగా, పోలికే లేదనుకున్నవి కలిసే సందర్భాలూ ఉన్నవి. సున్నా సంఖ్య బి.ఎ. మరకూ, 6 మి.మీ. మెట్రిక్ మరకూ వ్యాసమూ పిచ్చూ ఒకటే. కోణంలో మాత్రమే తేడా. తేలికపాటి పనికి ఒకదాని బదులు మరొకటి తరచుగా నడిచిపోతుంది. పావు అంగుళపు విట్‌వర్త్ మరకు వ్యాసం 6.35 మి.మీ., అంగుళానికి 20 చుట్లు, అంటే పిచ్చు 1.27. ఇందులో 6 మి.మీ. మరమేకు వదులుగా ఊగుతుంది. బరువు పడగానే జారిపోతుంది. ఈ పావు అంగుళపు మర ఇంకా చావలేదు. ప్రపంచమంతా మెట్రిక్ అయినా, జపానులో తయారైన కెమెరాను మూడుకాళ్ల స్టాండు మీద బిగించే మర నేటికీ అంగుళానికి 20 చుట్లదే.

ఇక కొలిచే విధానం. వెర్నియర్ క్యాలిపరుతో వ్యాసం తెలుస్తుంది. పిచ్చు కొలవడానికి పళ్లదువ్వెన వంటి గేజి ఆకులు అమ్ముతారు. అది లేకపోయినా నష్టం లేదు. పది చుట్ల పొడవును కొలిచి పదితో భాగిస్తే సరి. పది చుట్లకు 7 మి.మీ. వస్తే నేటి మెట్రిక్. ఏడున్నర వస్తే పాత ఫ్రెంచిదని అనుమానించవచ్చు. చుట్లు చాలనంత పొట్టి మరమేకైతే, పిచ్చు తెలిసిన మరొక మరమేకును దాని పక్కన పడుకోబెట్టి, గట్లు గాడులలో కూర్చునేలా నొక్కి దీపానికి ఎదురుగా పట్టుకోవాలి. సందులోంచి వెలుగు కారకపోతే రెండూ ఒకటే. పాతకాలపు ఫిట్టర్లు చేసిన పద్ధతి ఇది. ఇంతకన్న చవకైన పరీక్ష లేదు.

మరమేకే పోయినప్పుడు ఏమి కొలవాలి? సాధారణంగా ఒక వస్తువుకు ఒకే రకం మరమేకులు నాలుగైదు ఉంటాయి. మిగిలినవాటిలో ఒకదానిని జాగ్రత్తగా విప్పి నమూనాగా వాడుకోవాలి. దానిని జేబులో వేసుకొని బజారుకు బయలుదేరేముందు, అది కూడ పోగొట్టుకునే అవకాశం ఉన్నదని గుర్తుంచుకొని, కొలతలు కాగితం మీద వ్రాసి ఇంట్లో ఉంచడం మంచిది.

బజారు వెదుకులాటకు హద్దులున్నవి. ఆధునిక కార్ఖానాలో తీగెను చల్లగానే నొక్కి తల చేసి, రెండు పలకల మధ్య దొర్లించి మర పుట్టిస్తారు. ఒక యంత్రం నిమిషానికి వందలకొద్దీ మరమేకులు రాల్చుతుంది. పంజాబులోని లూధియానా ఇనుప బోల్టులకూ, గుజరాతులోని జామ్‌నగరు ఇత్తడి సామానుకూ పేరెన్నికగన్నవి. అటువంటి చోట లక్షలలో అమ్ముడయ్యే కొలతలే తయారవుతాయి. నాలుగింటి కోసం యంత్రం అచ్చు మార్చేవాడెవడు? దుకాణదారు పెట్టెల లెక్కన, తూకం లెక్కన కొంటాడు; సంవత్సరానికి ఒకడైనా అడగని సరుకును అతడు పేర్చి ఉంచడు. అతనిని నిందించి లాభం లేదు.

అందువల్ల కొత్త సరుకు కన్న పాత సరుకే శరణ్యం. పుదుచ్చేరిలో ఆదివారాలు మహాత్మాగాంధీ రోడ్డు వెంబడి సంత సాగుతుంది. కొత్త బట్టల గుట్టల నడుమ పాత సామాను పరచుకున్నవారూ కనిపిస్తారు. పాడైన గడియారం, మూగబోయిన రేడియో, విరిగిన టైపు మిషను - ఇవి మామూలు కొనుగోలుదారునికి చెత్త, మరమేకుల వేటగానికి గని. ఒక పాత రేడియో విప్పితే బి.ఎ. మరమేకులు దోసెడు రాలవచ్చు. అయితే అరుదైన పాత యంత్రం, ఇంకా ప్రాణమున్నది, కేవలం మరమేకుల కోసం విరగగొట్టడం దొంగతనానికి ఒక మెట్టు కిందిది. అక్కడ దొరకనివాడు 150 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి పోతాడు. పుదుపేట పాత వాహన భాగాలకు పెట్టినది పేరు. ముంబయిలో నాగదేవి వీధి, ఢిల్లీలో చావ్రీ బజారు, సికింద్రాబాదులో రాణీగంజ్, విజయవాడలో ఆటోనగర్ - ప్రతి పెద్ద ఊరికీ ఇటువంటి తావు ఒకటి ఉండనే ఉన్నది. అంతర్జాలం వచ్చిన తరువాత ఇంగ్లండులోని గృహకర్మశాలల వారి కొరకు చేసే బి.ఎ. మరమేకులను సైతం ఇంటికి తెప్పించుకొనవచ్చు. తపాలా ఖర్చు మరమేకుల వెలకు అనేక రెట్లు అవుతుంది. ఆ డబ్బుతో బి.ఎ. ట్యాపు, డై ఒక జత తెప్పించుకొనడం మేలు. మరమేకులు ఎన్ని కావాలంటే అన్ని పుడతాయి.

సరిగ్గా ఆ పొడవే దొరకలేదని వెనుదిరగనక్కరలేదు. పొడుగుది కొని కోసుకోవచ్చు. అందుకు ఒక చిట్కా ఉన్నది. కోయడానికి ముందు మరమేకుకు ఒక నట్టు ఎక్కించాలి. కోసి, ఆకురాయితో అంచు నునుపు చేసిన తరువాత నట్టును విప్పితే, అది వస్తూ వస్తూ కోతలో చెదిరిన చివరి చుట్టును సరిచేస్తుంది. తల పెద్దదైతే మరమేకును డ్రిల్లింగు మిషను పట్టులో బిగించి తిప్పుతూ ఆకురాయి ఆనిస్తే తల చిన్నదవుతుంది. లేతు లేనివానికి డ్రిల్లింగు మిషనే లేతు.

ఏదీ దొరకనప్పుడు చేయడమే గతి. చేయడం వినడానికి భయంగా ఉన్నంతగా చేతిలో కష్టం కాదు. లోహాలలో ఇత్తడి మెత్తని స్వభావం గలది. మొదటి ప్రయత్నానికి అదే అనువైనది. 4 మి.మీ. మరమేకు కావాలనుకుందాము. 4 మి.మీ. ఇత్తడి కమ్మీని వైసులో నిలువుగా బిగించి, పై కొసను ఆకురాయితో కొద్దిగా సూదిగా చేయాలి. కమ్మీ వ్యాసం 4 కన్న పిసరంత తక్కువగా, 3.9 ఉంటే డై సుళువుగా పట్టుకుంటుంది. డైను కమ్మీకి సరిగ్గా అడ్డంగా ఆనించి, నొక్కుతూ తిప్పాలి. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనుకకు. అలా చేస్తే తెగిన రజను విరిగి రాలిపోతుంది. ఇత్తడికి నూనె అక్కరలేదు, ఉక్కుకు తప్పనిసరి. వంకరగా మొదలైన మర చివరిదాకా వంకరే. కనుక మొదటి మూడు చుట్ల దగ్గర చూపే ఓర్పు మిగతా పనిని నిర్ణయిస్తుంది.

తలకు మరొక ఉపాయం. 8 మి.మీ. కమ్మీ నుంచి పలుచని బిళ్ల కోసి, నడుమ బెజ్జం చేసి, ట్యాపుతో దానికీ అదే మర వేయాలి. బెజ్జం ఎంత ఉండాలనేదానికి సులభ సూత్రం ఉన్నది: మెట్రిక్ మరలో వ్యాసం నుంచి పిచ్చు తీసివేయడమే. 4 నుంచి 0.7 పోతే 3.3 మి.మీ. అలాగే 3 మి.మీ. మరకు 2.5, 5 మి.మీ. మరకు 4.2. ఈ బిళ్లను మర వేసిన కమ్మీ కొసకు ఎక్కించి, పైన కాస్త మిగిలిన కొసను సుత్తితో తట్టి పరచి, వెండిటంకం గాని, ఉత్త సీసపుటంకం గాని పెట్టి అతికితే తల కదలదు. తరువాత ఆకురాయితో గుండ్రం చేసి, హాక్సా బ్లేడుతో నడుమ గాడి కోస్తే మరమేకు పూర్తి. పాత వస్తువుకు ఈ ఒంటిగాడి తలే అందం. కూడలి గుర్తు గల ఫిలిప్స్ తల 1930లలో అమెరికా కార్ల కార్ఖానాలలో వ్యాప్తిలోకి వచ్చింది. అంతకు ముందటి గడియారంలో అది కనిపిస్తే ఎవరో తరువాత చేయి పెట్టారని గ్రహించవచ్చు.

ట్యాపు విషయంలో జాగ్రత్త అవసరం. ట్యాపు గట్టి ఉక్కు గనుక గాజులాగ పెళుసు. చిన్న ట్యాపు పక్కకు ఒరిగితే పుటుక్కున విరుగుతుంది, విరిగిన ముక్క బెజ్జంలోనే ఉండిపోతుంది. దానిని బయటకు తీయడం కన్న కొత్త బిళ్ల కోయడం తేలిక. అయితే ఆ బెజ్జం గడియారపు పలకలోనిదైతే తేలిక మార్గం ఉండదు.

బజారులో ట్యాపే లేని విచిత్రపు మర ఎదురైతే? కుట్టుమిషన్ల కంపెనీలు కొన్ని తమకు మాత్రమే చెందిన మరలను వాడాయి. అప్పుడు నమూనా మరమేకునే పనిముట్టు చేయవచ్చు. గట్టిపడే గుణం గల ఉక్కు కమ్మీ మీద అదే మరను లేతు మీద కోయించి, ఆకురాయితో పొడుగునా మూడు గాడులు తీసి, కొసను సూదిగా చేయాలి. దానిని చెర్రీపండు రంగు వచ్చేదాక కాల్చి నూనెలోనో నీటిలోనో ముంచితే గట్టిపడుతుంది. మళ్లీ మెల్లగా వేడిచేసి, మెరుగు పెట్టిన ఉపరితలం మీద ఎండుగడ్డి రంగు పాకినప్పుడు చల్లార్చితే పెళుసు తగ్గుతుంది. ఇంట్లో చేసిన ఈ ట్యాపు ఇత్తడిలో పది బెజ్జాలకు నిలిచినా చేసినవాని శ్రమ ఫలించినట్టే.

లేతు దాకా వచ్చిన తరువాత రెండు కొలమానాల తగాదా మళ్లీ ఎదురవుతుంది. పాత లేతులలో పనిముట్టును నడిపే పొడవాటి మరకమ్మీ అంగుళాల లెక్కలో ఉంటుంది. దాని మీద మిల్లీమీటర్ల పిచ్చు కచ్చితంగా కోయాలంటే 127 పళ్ల చక్రం కావాలి. ఎందుకు 127 అంటే, అంగుళానికి 25.4 మి.మీ.; దానిని అయిదుతో హెచ్చిస్తే 127. అంతకన్న చిన్న పూర్ణసంఖ్య లేదు. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య జరిగిన శతాబ్దాల పోటీలన్నిటిలో రాజీ కుదిర్చిన వస్తువు ఏదైనా ఉన్నదంటే అది ఈ ఒక్క పళ్లచక్రమే అనవచ్చు.

ఇటువంటి పని తెలిసిన చేతులు తగ్గిపోవడమే అసలు చింతించవలసిన విషయం. పుదుచ్చేరిలో 1898లో నెలకొన్న ఆంగ్లో ఫ్రెంచి మిల్లు 2020లో మూతపడింది. బట్టల మిల్లు అంటే మగ్గాలే కాదు. విరిగిన ప్రతి భాగాన్నీ అక్కడికక్కడే కోసి, చెక్కి, మర వేసే మరమ్మతు శాల కూడ. నేర్చిన ఫిట్టరు, టర్నరు అటువంటి శాలలలోనే తయారయ్యేవారు. నేడు తట్టాంచావడి, మేట్టుపాళయం పారిశ్రామిక వాడలున్నవి. అటువంటి వాడలలో కంప్యూటరు నడిపే లేతు క్షణాలలో ఏ పిచ్చునైనా కోస్తుంది. అయితే నాలుగు ముక్కల కోసం వచ్చినవానిని కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఉన్న చోటు వెదుక్కోవాలి. నమూనా ముక్కతోపాటు వ్యాసం, పిచ్చు, పొడవు గీసిన కాగితం చేతికిస్తే పని సగం అయినట్టే. "ఇలాంటిది కావాలి" అని వట్టి చేతితో సైగ చేసేవానిని ఏ టర్నరూ ఆదరించడు.

పట్టణంలోని పాత ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు. 2014 నవంబరులో భారీ వర్షాలకు సముద్రతీరాన ఉన్న పురపాలక భవనం, మేరీ అని పిలువబడేది, కుప్పకూలింది. ప్రభుత్వం దానిని పూర్వరూపంలోనే తిరిగి కట్టించగా 2021లో ప్రారంభమైంది. పెద్ద భవనాలకు నిధులు వస్తాయి. వీధిలోని ఒక ఇంటి కిటికీ రెక్క మాత్రం బందు మరమేకు తుప్పుపట్టి వేలాడితే, ఆ ఇంటివారు పట్టించుకోవాలి. లేకుంటే వచ్చే ఈశాన్య ఋతుపవనానికి రెక్క ఊడి వీధిలో పడుతుంది, దాని చోట అల్యూమినియం చట్రం వస్తుంది.

తుప్పు సంగతికి వస్తే, సముద్రపు గాలిలోని ఉప్పు పుదుచ్చేరి మరమేకులకు ప్రథమ శత్రువు. జింకు పూతతో మెరిసే చవక ఉక్కు మరమేకు ఒకటి రెండు వర్షకాలాలకే ఎర్రబారుతుంది. పైగా ఇత్తడి పలకలో ఉక్కు మరమేకు బిగిస్తే, ఉప్పు తేమ తగిలినప్పుడు రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీ వలె పనిచేస్తాయి, నష్టపోయేది ఉక్కే. ఇత్తడికి ఇత్తడి మరమేకు ఉండాలన్న పెద్దల నియమం అందానికి మాత్రమే చెప్పినది కాదు. స్టెయిన్‌లెస్ ఉక్కులో 304 రకం మామూలుగా దొరుకుతుంది గాని, సముద్రపు ఒడ్డున దానిపై టీమరకల వంటి మచ్చలు వస్తాయి. మాలిబ్డినం కలిపిన 316 రకం ఎక్కువ నిలుస్తుంది. ఇత్తడి కూడ అజరామరం కాదు; జింకు పాలు ఎక్కువైతే ఉప్పు తగిలి జింకు కరిగిపోయి, గులాబిరంగు తిరిగిన గుల్ల రాగి మిగులుతుంది. అలా రంగు మారిన మరమేకును తిప్పబోతే తల తెగి చేతిలోకి వస్తుంది.

బిగుసుకుపోయిన పాత మరమేకును విప్పేటప్పుడు గాడి వెడల్పుకు, లోతుకు సరిపోయే స్క్రూడ్రైవరు ఉండాలి. సన్నని కొస గల దానితో తిప్పితే గాడి చితుకుతుంది. ముందు కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలివేయాలి. తెల్లవారి తల మీద చిన్న సుత్తితో నాలుగు తట్లు తట్టి, మొదట పిసరంత బిగించే దిక్కుకు తిప్పి, తరువాత విప్పే దిక్కుకు తిప్పితే తుప్పు పట్టు సడలుతుంది.

చెక్కలో దిగే మరమేకుల కథ కొంత వేరు. 19వ శతాబ్దపు నడిమి వరకు వాటికి మొన ఉండేది కాదు, కొస మొద్దుగా ఉండేది. మొన గల మరమేకుకు సంబంధించిన అమెరికా పేటెంటును 1854లో బర్మింగ్‌హామ్‌లో నెటిల్‌ఫోల్డ్, చాంబర్లేన్ అనే బావమరదులు కొని భారీ ఎత్తున తయారీ మొదలుపెట్టారు. పాత బీరువా విప్పినప్పుడు మొద్దు కొస గల మరమేకు కనిపిస్తే, దానిని పారవేసి కొత్తది కొట్టరాదు. బీరువా వయస్సుకు అదే సాక్ష్యం. టేకులో ఇత్తడి మరమేకును నేరుగా దించితే మెడ విరుగుతుంది. ముందు తగిన బెజ్జం చేసి, అదే కొలత ఉక్కు మరమేకును ఒకసారి దించి తీసివేసి, ఆ దారిలో మైనం రుద్దిన ఇత్తడి మరమేకును దించడం వడ్రంగుల ఆచారం. బెజ్జం వదులైతే పెద్ద మరమేకు వెదకనక్కరలేదు. టేకు పుల్లకు జిగురు రాసి బెజ్జంలో కొట్టి, ఆరిన తరువాత కొత్తగా బెజ్జం చేస్తే పాత మరమేకే పట్టుకుంటుంది.

నాలుగు కావలసివచ్చినప్పుడు ఆరు చేయడం మంచి పనివాని లక్షణం. మిగిలిన రెండింటిని నూనె గుడ్డలో చుట్టి, వ్యాసం, పిచ్చు, చేసిన సంవత్సరం వ్రాసిన చీటీతో సహా గడియారపు పెట్టె లోపలి అడుగున అతికించి ఉంచుతారు.